తోరం కట్టిన క్యాపో

వాక్కునకు, నాదమునకు అధిదేవతయైన తల్లికి అంజలి ఘటించి, విశ్వావసు నామ సంవత్సర ఫాల్గుణ శుద్ధ ద్వాదశి నాడు ఈ వృత్తాంతం వ్రాయ మొదలుపెట్టాను. అశోక్‌నగర్‌లో మా రెండవ అంతస్తు వసారా కింద పోటీపరీక్షల అభ్యర్థులు టీ తాగుతూ రాజ్యాంగ అధికరణాలను ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. వారికి నా వ్రాత పనికిరాదు. సంగీత పాఠశాలలలో కొత్తగా కొలువులో చేరుతున్న చిరంజీవులెవరైనా చదివితే, అది చాలు.

నేను చిక్కడపల్లిలో ఒక ప్రైవేటు సంగీత పాఠశాలలో వీణ నేర్పేవాడిని. కింద మందుల దుకాణం, పైన పాఠశాల. దానిని స్థాపించిన విదుషీమణి గాత్రం ఐదున్నర శ్రుతి. అంటే హార్మోనియం మీద ఐదవ తెల్లకట్టెను దాటిన వెంటనే వచ్చే నల్లకట్టె. ఆమె కీర్తిశేషురాలై చాలాకాలమైంది గాని, ఆ నల్లకట్టె మాత్రం మా పాఠశాలలో చిరంజీవిగా ఉండిపోయింది. ఎవరు పాడినా, ఏది మ్రోగించినా ఐదున్నరే. శ్రుతిపెట్టెల మీటలు కదలకుండా టేపు అంటించి ఉండేది. గొంతు అందని వారికి సాధన చాలదని నిర్ణయం జరిగేది. మగపిల్లలు ఆ శ్రుతిలో గొంతెత్తిన రోజుల్లో కింది దుకాణంలో గొంతు మాత్రలు బాగా అమ్ముడుపోతాయని మా మృదంగం మాస్టారు అంటుండేవారు. ఆయన హాస్యానికి అన్నారో, దుకాణదారును అడిగే అన్నారో నాకు తెలియదు.

ఏటేటా మాఘ శుద్ధ పంచమి మా వార్షికోత్సవం. ఉదయం సరస్వతీ పూజలో వాద్యాలన్నిటినీ ఐదున్నరకు చేర్చి, గంధం పూసి, కుంకుమ పెట్టి, తీగలు బిగించే బిరడలకు పసుపు తోరాలు కట్టేవారు. సాయంత్రం సభలో మంగళం పాడేదాకా తోరం కట్టిన చోట ఎవరూ చేయి వేయరాదు. దీనికి శ్రుతి నిలపడమని పేరు. నిలిచేది తోరమే, శ్రుతి మధ్యాహ్నపు ఎండకు తన దారిన తాను పోయేది. అయినా మా శ్రోతలు సంప్రదాయజ్ఞులు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇటువంటి చోటికి గిటారు వచ్చింది. తెచ్చినవారు మా కార్యదర్శి. ఆయన కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబీకులు, ప్రభుత్వ శాఖలో సామగ్రి గిడ్డంగుల అధికారిగా పదవీ విరమణ చేసినవారు. అశోక్‌నగర్, నారాయణగూడల నుంచి వచ్చే తల్లిదండ్రులు గిటారు ఉందా అని అడిగి, లేదనగానే మెట్లు దిగిపోతున్నారని ఆయనకు బెంగ. అందుకని ఒక గది ఖాళీ చేయించి, అడిక్‌మెట్ నుంచి ఒక ఉపాధ్యాయినిని తాత్కాలికంగా నియమించారు. ముప్పై దాటని యువతి. వీపున గిటారు, కింద స్కూటీ. శాశ్వతం చేస్తామన్న మాట నమ్మి ఒక పెద్ద బడిలో ఉద్యోగం వదులుకుని వచ్చింది. ఇంట్లో ఆమెదొక్కటే జీతం.

రెండేళ్ళయినా ఆ మాట మాటగానే ఉంది. ఈలోగా ఒక కోచింగ్ కేంద్రం యజమాని వచ్చి, టేపుతో గిటారు గదిని కొలిచి, బెంచీలెన్ని పడతాయో చూసుకుని వెళ్ళాడు. పాఠం జరుగుతుండగానే కొలిచాడు. పిల్లలు కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

కార్యదర్శి ఆమెను పిలిచి, నా ఎదుటే చెప్పారు.

“చూడమ్మా, నేను దాచి మాట్లాడే మనిషిని కాదు. వసంత పంచమికి మీ పిల్లలు సంస్థాపకురాలు రాసిన ప్రార్థన వాయించాలి. సభలో అది నిలబడితే విభాగం ఉంటుంది, నువ్వు పర్మనెంటు. నిలబడకపోతే గది కోచింగ్ వాళ్ళకి ఇచ్చేస్తాం. ఏమంటావు?”

“ఏమంట సార్, వాయిస్తం,” అన్నది ఆమె. బయటికి వచ్చాక నాతో, “చెయ్యి మంచిగనే ఉంది సార్ పిల్లలకు. కానీ వాళ్ళకు వచ్చిన పట్లు, అంటే తీగల మీద వేళ్ళు పెట్టే తీర్లు, అన్నీ ఐదు శ్రుతివి. ఈ బడి పెట్టిన మీ అమ్మగారిది ఐదున్నర. క్యాపో కావాలె,” అన్నది.

ఆ మాట నేను వినడం అదే మొదలు. క్యాపో అంటే గిటారు మెడకు తగిలించే ఒక బిగింపు. వీణకు మెట్లున్నట్లే గిటారుకూ మెట్లున్నాయి. మొదటి మెట్టు వెనుక దీనిని తగిలిస్తే తీగలన్నీ ఒక్కసారిగా అర శ్రుతి పైకి వెళతాయి. పిల్లలు తమకు తెలిసిన పట్లే పట్టవచ్చు. బిరడలు తిప్పే ప్రయాస లేదు. ఒక్కొక్క శ్రుతి మార్పుకు అరగంట చెమటోడ్చే వైణికుడికి ఇది వింటే ఎలా ఉంటుందో చిరంజీవులు ఊహించగలరు.

క్యాపోలు కొనడానికి ఉపసంఘం కూర్చున్నది. కార్యదర్శి, ప్రధానాచార్యురాలు, నేను. ప్రధానాచార్యురాలు సంస్థాపకురాలికి ప్రత్యక్ష శిష్యురాలు, చిక్కడపల్లిలోనే పుట్టి పెరిగిన పెద్దావిడ, డెబ్బయ్యేళ్ళ గాయని. తాత్కాలికోద్యోగులు ఉపసంఘాలలో కూర్చునే ఆచారం లేదు కనుక గిటారు ఉపాధ్యాయిని పక్క గదిలో పాఠం చెబుతున్నది.

“ముందు దీనికి తెలుగులో ఏమంటారో తేల్చండి మాస్టారూ,” అన్నారు కార్యదర్శి. “తీర్మానంలో ఇంగ్లీషు మాట బావుండదు.”

నేను ‘శ్రుత్యుత్థాపిని’ అన్నాను.

“అది పలికేటోల్లకు పళ్ళుండాలె,” అన్నారు ప్రధానాచార్యురాలు.

‘మెట్టుపట్టు’ అన్నాను. నాటుగా ఉందన్నారు. ‘తంత్రీనియామకం’ అన్నాను. నియామకాలంటే మళ్ళీ పర్మనెంటు గొడవ వస్తుందన్నారు కార్యదర్శి. టీ వచ్చింది, చల్లారింది. చివరికి ‘క్యాపో అనబడు పరికరము’ అని ఏకగ్రీవంగా తీర్మానించాము. సమావేశమంతా దానికే సరిపోయింది. లేచేటప్పుడు కార్యదర్శికి అసలు సంగతి జ్ఞాపకం వచ్చి, గుమ్మంలోంచి పిలిచారు.

“అమ్మాయ్, ఎలాంటివి తెమ్మంటావు?”

“ఏవైనా మంచియే సార్! స్ప్రింగువి తెండ్రి, జల్ది పెట్టొచ్చు!” అని ఆమె పాఠం మధ్యనుంచే కేక వేసింది.

ఆమె వైపునుంచి జరిగిన పొరపాటు ఇంతే. ఎదుటివారికి ఇంతమాత్రం తెలియకుండా ఉంటుందా అనుకున్నది.

కార్యదర్శి స్వయంగా దుకాణానికి వెళ్ళారు. దుకాణంవాడు రెండు రకాలు ముందు పెట్టాడట. ఒకదానిలో తీగలను అదిమే పట్టీ తిన్నగా ఉంది, రెండవదాని పట్టీ కొంచెం వంగి ఉంది. ఉద్యోగ జీవితమంతా గిడ్డంగులలో నాసి సరుకు ఏరి పారేసిన మనిషి ఒక్క క్షణం తటపటాయించలేదు.

“వంకరది నాకే అంటగడదామనుకున్నాడు మాస్టారూ! ‘వంకర ఉండాలండీ’ అని దబాయింపు కూడాను. తిన్నగా ఉన్నవే ఏరి తెచ్చాను,” అని పెట్టె తెరిచి చూపించారు. నిజానికి అవి చూడముచ్చటగా ఉన్నాయి.

తగిలించి చూస్తే పై తీగ, కింది తీగ పలికాయి. నడిమి తీగలు డబ్బాలో తేనెటీగల్లాగా జుమ్మన్నాయి.

“సార్, స్టీలు తీగల గిటారుకు మెడ జర గుండ్రంగ ఉంటది. పట్టీ గూడ వంగి ఉంటెనే నడుమ ఆనుతది,” అన్నది ఆమె. “ఇవి నైలాన్ తీగల గిటారుకు పెట్టేటియి. దాని మెడ చదునుగ ఉంటది.”

“అయితే గిటార్లు వంకరవి కొన్నామన్నమాట,” అన్నారు కార్యదర్శి, గాఢమైన విచారంతో. మార్చి తెద్దామంటే ఉపసంఘం తీర్మానించి కొన్న వస్తువును మార్చడానికి మళ్ళీ ఉపసంఘం కూర్చోవాలి. క్యాపోలు బీరువాలోకి వెళ్ళాయి. పిల్లలు ఎవరిది వారు కొనుక్కున్నారు.

ఆ వారం ఆమె పాఠం నేను గుమ్మంలో నిలబడి విన్నాను. “మెట్టు మీద పెట్టకుండ్రి, నడిమిట్ల పెట్టకుండ్రి. మెట్టుకు ఆనుకొని, వెనకాల. తీగ జుమ్మనకుంట ఉండేటంత గట్టిగ ఉంటె చాలు. దబాయించి పిసికిర్రనుకో, శ్రుతి పైకి గుంజుతది. పెట్టినంక ఒక్కో తీగ మీటి చూడాలె. వాయించుడు అయిపోంగనే తీసెయ్యాలె. దాన్ని మెడకు నగలెక్క పెట్టుకొని ఇంటికి పోవద్దు.” వీణ నేర్పేటప్పుడు నేనిన్ని మాటలు ఇంత తక్కువ సేపట్లో ఎన్నడూ చెప్పలేదు.

పాడడానికి మా సాయంకాలపు విద్యార్థిని ఒకామె కుదిరింది. ముషీరాబాద్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. నిండు గొంతు. ఆమెకు సహజంగా నాలుగున్నర శ్రుతి హాయి. ఐదున్నరలో ప్రార్థన చరణంలోని తారస్థాయిని అందుకునేటప్పుడు మడమలు నేలనుంచి లేచేవి. అయినా అందుకునేది.

క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి ఉదయం పూజకు కూర్చున్నాము. వీణలకు, తంబురాకు, వయొలిన్లకు తోరాలు కట్టారు. గిటార్ల దగ్గరకు వచ్చేసరికి ప్రధానాచార్యురాలు ఆగారు.

“దీనికి శ్రుతి యాడుంటది?”

గిటారు ఉపాధ్యాయిని నోరు తెరిచేలోగానే కార్యదర్శి బీరువా తాళం తీసి, పాఠశాల క్యాపోలను వెండి పళ్ళెంలో పెట్టి తెచ్చారు. “ఇదిగోనండీ, ఇందులో ఉంటుంది. ఇది పెడితేనే కదా ఐదున్నర!”

తర్కంలో దోషం లేదు. ప్రతి గిటారుకూ మొదటి మెట్టు వెనుక ఒక్కొక్క తిన్నని క్యాపో తగిలించారు, గంధం పూశారు, మెడకూ దానికీ కలిపి మూడు పేటల పసుపుదారం చుట్టి ముడి వేశారు. బిరడల జోలికి పోలేదు. శ్రుతి అక్కడ లేదని అప్పటికే తేలిపోయింది కదా.

“సార్, ఇగ నా పని అయిపోయినట్టే,” అన్నది ఆమె నా చెవిలో. “జుమ్మని తప్ప ఇంకేం మోగయి.”

సాయంత్రం నారాయణగూడలో ఒక సభామందిరం. ఫ్లైఓవరు కింద బస్సుల హారన్లు తెరల వెనుకకూ వినిపిస్తున్నాయి. గిటారు పిల్లలు గంధం ఎండిన వాద్యాలను ఒళ్ళో పెట్టుకుని బిక్కమొగాలతో కూర్చున్నారు. ప్రార్థన పాడవలసిన గాయని వచ్చింది. మెడకు శాలువా, చేతిలో వేడినీళ్ళ సీసా.

“ఏమైందక్కా?” అన్నది గిటారు ఉపాధ్యాయిని.

“గొంతు మొత్తం పట్కపోయింది మేడమ్. పొద్దుగాల నుంచి ఇట్లనే ఉంది. ఐదున్నర నాతోని కాదు. నాలుగైతే పాడుత, ఎట్లన్న లాగుత.”

“నాలుగా!” అన్నది ఆమె. నాలుగుకూ ఐదున్నరకూ మధ్య మూడు మెట్ల దూరం. క్యాపో పైకి ఎత్తుతుందే గాని కిందికి దించదు. పైగా అది దారంతో కట్టేసి ఉంది.

ఆమె నేరుగా ప్రధానాచార్యురాలి దగ్గరకు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

“మేడమ్ గారు, ఒక్క పదినిమిషాలు. తోరం విప్పి, శ్రుతి సరి చేసుకొని మల్ల కడతం.”

“తోరం విప్పుడా? మంగళం అయ్యేదాక తాకేది లేదు బిడ్డా.”

“అక్కకు జలుబు చేసింది మేడమ్.”

“మా అమ్మగారు జొరమొచ్చినా ఐదున్నరల్నే పాడింది.”

“మేడమ్, నా నౌకరీ పోతది.”

పెద్దావిడ ఆమెను ఒక్కసారి తేరిపార చూశారు. “నాకు తెలుసు బిడ్డా. కానీ తోరం తోరమే,” అని శ్రుతిపెట్టె తీసుకుని ముందువరుసలోకి వెళ్ళి కూర్చున్నారు. ప్రతి సంవత్సరమూ ఆమె అక్కడే కూర్చుని, ఒళ్ళో ఐదున్నర మ్రోగిస్తుంటారు. అది ఆమె హక్కు.

వేదిక మీద వీణల బృందం ఆరంభమైంది. గిటారు ఉపాధ్యాయిని తెర వెనుక గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కొంతసేపటికి ఒక పిల్ల చేతిలోని గిటారు తాను అందుకుని, తోరం కట్టిన క్యాపోను వేలితో తాకకుండా దాని చుట్టూ పరిశీలించింది. తరువాత నా వైపు తిరిగింది.

“సార్, మీరు శాస్త్రం చదివినోళ్ళు. జర చెప్పుండ్రి. తోరం కట్టిందాన్ని ముట్టుకోవద్దు. అంతేనా? ఇంకేమన్న ఉందా?”

“అంతే.”

“బిరడలు తిప్పొచ్చా?”

“వాటికి తోరం కట్టలేదు.”

“దానికి రెండు మెట్ల అవతల ఇంకో క్యాపో పెడితే?”

నలభై ఏళ్ళ అధ్యయనంలో ఇంత ఉపయోగకరమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. “అమ్మా, నిషేధం కట్టినదానికి వర్తిస్తుంది. కట్టనిదానికి నిషేధం చెప్పిన వాక్యం నాకు కనబడదు. విధి లేదు, నిషేధం లేదు; అక్కడ కర్త ఇష్టం,” అన్నాను.

“గంతే చాలు!” అని ఆమె పిల్లల మీదికి తిరిగింది. “అందరూ మీ మీ క్యాపోలు తీయుండ్రి! మూడో మెట్టు వెనకాల! జీ పట్లు మర్చిపోండ్రి. మొదటి నెలల నేర్చుకున్న డీ పట్లు పట్టుండ్రి, పాట అదే!”

“మేడమ్, ఈ ముందటిది జుమ్మంటది కదా?” అన్నాడొకడు.

“మూడో మెట్టు కాడ తీగలను పట్టేసినంక దాని వెనకాల ఏమున్నా మోగదురా. ఉండనియ్యి, దేవుని పటం లెక్క.”

చిరంజీవులకు ఇక్కడ ఒక్క మాట. గిటారువారి జీ అంటే మన ఐదు శ్రుతి, డీ అంటే రెండు; డీ పట్లను మూడవ మెట్టు వెనుక క్యాపో పెట్టి వాయిస్తే రెండున్నర, మూడు దాటి నాలుగు శ్రుతి వస్తుంది. పాఠశాల క్యాపో నడిమి తీగలను సరిగా పట్టలేకపోవడం వల్ల, బిరడలు తిప్పినప్పుడు అవి దాని కింద సులువుగా జారాయి కూడాను. కార్యదర్శిగారి ఎంపిక అంత దివ్యంగా అక్కరకు వచ్చిన సందర్భం మరొకటి నాకు తెలియదు. పిల్లలు చెవులు ఆనించి తీగలు సరిచేసుకుంటుంటే, నేను వేడినీళ్ళ సీసా పట్టుకుని గాయని పక్కన నిలబడ్డాను. అంతకు మించి వీణాచార్యుడు చేయదగినదేమీ లేకపోయింది.

అప్పుడు నాకు స్ఫురించింది: ముందువరుసలో శ్రుతిపెట్టె ఐదున్నర మ్రోగుతూనే ఉంటుంది. వేదిక మీద నాలుగు. ఆ రెండూ ఒక్కసారి వినబడితే, శ్రుతి అంటే ఏమిటో తెలియని వాడు కూడా లేచి వెళ్ళిపోతాడు. ఆమెకు చెబుదామనుకునేలోగా తెర లేచింది.

గిటార్ల మీద పసుపుదారాలు దీపాల కాంతిలో మెరిశాయి. సభలో ఎవరో “ఆహా” అన్నారు. ముందువరుసలో ప్రధానాచార్యురాలి ఒళ్ళో పెట్టె యథాప్రకారం మ్రోగుతున్నది. దాని తీగ పక్క గోడలోని ప్లగ్గులోకి వెళుతున్నది. గిటారు ఉపాధ్యాయిని వేలితో నాలుగు లెక్క పెట్టింది. పిల్లలు మొదటి పట్టు మీటారు.

వినకూడనిది విన్నాము. రెండు శ్రుతులు ఒకదానినొకటి రాసుకుని మందిరమంతా వికారంగా వణికింది. వెనుక వరుసలో ఒక నవ్వు. గాయని నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. మా పెద్దావిడ ముఖం మాత్రం నాకు కనబడుతున్నది. డెబ్బయ్యేళ్ళ చెవి. ఏది ఎంత తక్కువగా ఉందో, ఎందుకుందో, ఏ మెట్టు మీద ఏమి పెట్టారో, అన్నీ ఆమెకు ఆ ఒక్క పట్టుతోనే తెలిసిపోయాయి. ఆమె కళ్ళు వరుసగా ప్రతి గిటారు మెడమీదికీ వెళ్ళాయి. తోరాలన్నీ ఉన్నాయి. ముళ్ళన్నీ ఉన్నాయి. ఆ తరువాత గిటారు ఉపాధ్యాయినిని చూశారు. ఆ అమ్మాయి చేయి ఆపలేదు.

పెద్దావిడ చీరకొంగు సర్దుకుంటున్నట్లు చేయి చాచారు. శ్రుతిపెట్టె ఆగిపోయింది.

నాలుగు శ్రుతి ఒక్కటే మిగిలింది. గాయని అందుకుంది. జలుబు వల్ల ఆ గొంతులో చేరిన బరువు ప్రార్థనకు ఎన్నడూ లేని ఒక నిండుతనాన్ని ఇచ్చింది. చరణంలో తారస్థాయి వచ్చినప్పుడు ఆమె మడమలు నేల మీదనే ఉన్నాయి. ఆ పాటలో అంత మంచి సాహిత్యం ఉందని నాకు ఆనాడే తెలిసింది. అంతకు మునుపు ఎప్పుడూ అందరమూ పాడేవారు తారస్థాయిని అందుకుంటారా లేదా అనే చూసేవాళ్ళం.

చప్పట్లు చాలాసేపు మ్రోగాయి. ముఖ్య అతిథి లేచి, కాలం ఎంత మారినా సంస్థాపకురాలి శ్రుతిని వెంట్రుకవాసి కదలనీయని పాఠశాలగా మమ్మల్ని ప్రశంసించారు. అందుకు ప్రత్యక్ష సాక్ష్యంగా గిటార్ల మీది తోరాలను చూపించారు. కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నారు.

మంగళం అయ్యాక ఆయన ముందువరుసకు వచ్చారు. “అమ్మగారూ, మధ్యలో శ్రుతిపెట్టె ఆగిందేమిటండీ?”

“సెల్లు అయిపోయింది,” అన్నారు ప్రధానాచార్యురాలు.

“అది గోడ కరెంటుతో నడిచేది కదండీ?”

“అయితే కరెంటు పోయి ఉంటది.”

కార్యదర్శి తలెత్తి, ధగధగ వెలుగుతున్న దీపాలను ఒకసారి చూశారు. గిడ్డంగులలో అంతకాలం నెగ్గుకొచ్చిన మనిషి కనుక, మరి అడగలేదు.

గిటారు ఉపాధ్యాయిని వచ్చి పెద్దావిడ పాదాలకు నమస్కరించబోయింది. ఆవిడ ఆమె భుజం పట్టుకుని ఆపారు.

“నాలుగుల మంచిగున్నది,” అన్నారు మెల్లగా. “మా అమ్మగారు ఉంటే నిన్ను చంపేసేది.” ఆ మాట అని, గిటార్ల దగ్గరకు వెళ్ళి, తోరాలన్నీ తన చేతితోనే విప్పారు.

విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ నాడు గిటారు ఉపాధ్యాయినిని శాశ్వతోద్యోగంలోకి తీసుకున్నారు. కోచింగ్ కేంద్రం వారు నారాయణగూడలో వేరే గది చూసుకున్నారు. నేను ఆ జ్యేష్ఠమాసంలో పదవీ విరమణ చేశాను. మొన్న మాఘ శుద్ధ పంచమికి పాఠశాల వారు పిలిస్తే వెళ్ళాను. ఇప్పుడు ప్రతి గిటారుకూ రెండు క్యాపోలు పెడుతున్నారు: మొదటి మెట్టు వెనుక తోరం కట్టినది ఒకటి, పాడేవారి గొంతును బట్టి మరొకటి. రెండవదానిని గురించి తీర్మానమేదీ లేదు.